ఫ్లాస్కులో టీ పోయాలా, వేడినీళ్లు పోయాలా? బెజవాడ నుంచి వంజంగికి రాత్రి ప్రయాణం

పటమట బుల్లోడు
డిసెంబరు 2, రాత్రి 9:40

మా ఇంట్లో మూడు రోజులుగా నడుస్తున్న పంచాయితీ ఇది. అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను.

పదో తారీఖు దాటాక ఆరుగురం పాడేరు దగ్గరి వంజంగి కొండకి వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ, అక్క, బావ, వాళ్ల అబ్బాయి. సాయంత్రం అయిదున్నరకి పటమటలో కారెక్కితే రాజమండ్రి, తుని, నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి మీదుగా పాడేరు చేరేసరికి తెల్లవారుజాము మూడవుతుందని బావ లెక్క. నాలుగింటికి కొండెక్కడం మొదలుపెడితే పొద్దు పొడిచే వేళకి మబ్బులు మన కాళ్ల కింద ఉంటాయి. అమ్మ కొండెక్కదు, కారులో కూర్చుంటానంది.

పైన కూర్చుని వేడివేడిగా టీ తాగాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎలా అన్న దగ్గరే గొడవ.

అమ్మ: ఇంట్లో అల్లం దంచి వేసి కాచిన టీ, గాజు ఫ్లాస్కులో. ఆ ఫ్లాస్కు నేను పుట్టినప్పుడు ఆసుపత్రిలో వేడినీళ్లకని కొన్నదట. లోపలి గాజు రెండుసార్లు పగిలి రెండుసార్లు మారింది, మూత ఒకసారి మారింది. అయినా అమ్మ లెక్కలో అది అప్పటి ఫ్లాస్కే.

బావ: లీటరు స్టీలు ఫ్లాస్కు కొని మరిగే నీళ్లు పోద్దాం. టీ బ్యాగులు, పాలపొడి పట్టుకెళ్దాం.

మా ఆవిడ: ఎక్కడికెళ్లినా టీ దొరుకుతుంది, ఈ మోత ఎందుకు?

సాయంత్రం అయిదింటికి పోసింది తెల్లారి అయిదున్నరకి తాగాలి. పన్నెండు గంటల పైమాటే. నా బడ్జెట్ 1,500. ఏం కొనాలి, అందులో ఏం పోయాలి?

చుట్టుగుంట చలిజ్వరం
డిసెంబరు 2, రాత్రి 10:05

బెజవాడ వాళ్లు చలి గురించి మాట్లాడుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది. మనకి స్వెటర్ పెట్టెలోంచి తీసి ఎండలో వేసేలోపు శివరాత్రి వచ్చేస్తుంది. పొద్దున్న 18 డిగ్రీలుంటే మఫ్లర్ చుట్టుకుంటాం. వంజంగిలో మీ ఫ్లాస్కు సంగతి తర్వాత, ముందు చెవులు కప్పుకునేది కొనండి.

బైకు మీద బెజవాడ
డిసెంబరు 2, రాత్రి 10:31

ఏడేళ్లుగా ప్రతి చలికాలం లంబసింగి వెళ్తున్నాను. నా ఓటు మీ ఆవిడకి. సెలవు రోజుల్లో కొండ కింద దుకాణాలుంటాయి, పొయ్యి మీంచి దించిన టీ చేతికిస్తారు. దాని ముందు ఏ ఫ్లాస్కు టీ అయినా దిగదుడుపే. మనం బెజవాడలో సైకిల్ మీద క్యాను పెట్టుకుని అమ్మే టీని "క్యాను టీ" అని పక్కన పెట్టి, కాచి ఇచ్చే కొట్టు కోసం సందు చివరిదాకా నడుస్తాం. అలాంటిది 350 కిలోమీటర్లు క్యాను టీ మోసుకెళ్తారా?

పటమట బుల్లోడు
డిసెంబరు 2, రాత్రి 10:40

అన్నా, కింద దొరుకుతుంది సరే. పైన తాగాలన్నదే కదా ఈ గోలంతా.

గవర్నరుపేట స్టీలు కొట్టు
డిసెంబరు 3, ఉదయం 8:15

ముందే చెప్పేస్తున్నాను, నేను ఫ్లాస్కులు అమ్ముకునేవాణ్ని. నా మాట కొంచెం తగ్గించుకుని వినండి.

కొనేటప్పుడు చాలామంది అట్ట మీద "24 గంటలు వేడి" అన్నది చదివి డబ్బులిచ్చేస్తారు. ఎన్ని డిగ్రీల వేడి అని అడగరు. పొద్దున్న మరిగే నీళ్లు పోసి మర్నాటికి 45 ఉన్నా అట్ట మీద మాట అబద్ధం కాదు. గోరువెచ్చన కూడా వేడే కదా మరి.

చూడాల్సింది ముందు అసలు అది వాక్యూమ్ ఫ్లాస్కేనా, అంటే రెండు గోడల మధ్య గాలి తీసేసినదేనా అని. రెండు గోడలున్నవన్నీ వాక్యూమ్ కావు. పైన ప్లాస్టిక్, లోపల స్టీలు, మధ్యలో నురుగు నింపినవి "హాట్ అండ్ కోల్డ్" అని అమ్ముతారు. స్కూలుకి పాలు పంపడానికి చాలు, మీ ప్రయాణానికి పనికిరావు. స్టీలు వాక్యూమ్ ఫ్లాస్కులకి ఇప్పుడు ఐఎస్ఐ మార్కు ఉండాలి, ఆ ప్రమాణం నంబరు ఐఎస్ 17526. అది లేకుండా రోడ్డు పక్కన గుట్ట పోసి అమ్మేవి వద్దు.

తర్వాత లోపలి స్టీలు. 304 అని రాసుంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ అని అర్థం. కొందరు అయస్కాంతం జేబులో వేసుకుని వస్తారు. 304 దాదాపు అంటుకోదు, నిజమే. కానీ నికెల్ తక్కువ వేసి చేసే 201 కూడా అంటుకోదు. అయస్కాంతం పరీక్ష సగం పరీక్షే.

అసలు పరీక్ష ఇంటికెళ్లి చేసుకోండి. మరిగే నీళ్లు పోసి మూత బిగించి పది నిమిషాలాగి ఫ్లాస్కు ఒంటి మీద చెయ్యి పెట్టండి. మెడ దగ్గర కాస్త వెచ్చగా ఉండొచ్చు. నడుము దగ్గర, అడుగున వేడి తగిలితే లోపల వాక్యూమ్ పోయినట్టే. బిల్లు ఉంచుకుంటే మార్చిస్తాం. 1,500కి మంచి లీటరు ఫ్లాస్కు వస్తుంది. మిల్టన్, సెల్లో, బొరోసిల్, ఏదైనా మీ ఇష్టం. రంగు చూసి కొనకండి, అంతే.

బ్రాడీపేట మాస్టారు
డిసెంబరు 3, ఉదయం 9:50

గుంటూరులో 31 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కొట్టు వారు గాజు ఫ్లాస్కు ఊసే ఎత్తకపోవడం గమనించాను. వ్యాపారం!

బుల్లోడి అమ్మగారి పక్షాన నేను వాదిస్తాను. ఫ్లాస్కు అనేది పుట్టడమే గాజులో పుట్టింది. 1892లో జేమ్స్ డ్యూవార్ ద్రవరూపంలోకి మార్చిన వాయువులు ఆవిరైపోకుండా దాచుకోవడానికి ఆ సీసా చేశాడు. పేటెంటు తీసుకోలేదు. 1904లో జర్మనీవాళ్లు దానికి థర్మాస్ అని పేరు పెట్టి బజార్లో అమ్ముకున్నారు, ఈయన కోర్టుకెళ్లి ఓడిపోయాడు. అది వేరే కథ.

గోడల మధ్య గాలి లేదు కాబట్టి అటునుంచి వేడి పోయేది తక్కువ. మిగిలిన దారులు రెండు. ఒకటి మెడ. లోపలి గోడ, బయటి గోడ కలిసేది అక్కడే, మూత ఉండేదీ అక్కడే. స్టీలు గాజుకన్నా సుమారు 15 రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది. స్టీలు రేకు పల్చన కాబట్టి కొంత సర్దుకుంటుందనుకోండి, అయినా తేడా గాజుకే అనుకూలం. రెండోది వికిరణం, అంటే వేడి కిరణాల్లా బయటికి పోవడం. గాజుకి లోపల వేసే వెండి పూత అద్దంలా వేడిని వెనక్కి కొడుతుంది. మామూలు స్టీలు అంత బాగా కొట్టదు. అందుకే మంచి కంపెనీలు స్టీలు గోడకి రాగి పూత వేస్తాయి.

కాబట్టి ఒకే సైజు గాజు, స్టీలు పక్కపక్కన పెడితే తెల్లారేసరికి గాజుదే గెలుపు.

కరకట్ట నడక
డిసెంబరు 3, ఉదయం 10:20

మాస్టారూ, గెలుపు వంటింటి గట్టు మీద. నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డులో ఆ వంపులకి సీట్లో మనుషులే నిలవరు, గాజు నిలుస్తుందా? పగిలిందంటే పైకి ఏమీ కనపడదు. టీలో గాజు పెంకులు తేలతాయి. చీకట్లో ఎవరు చూస్తారు?

బ్రాడీపేట మాస్టారు
డిసెంబరు 3, ఉదయం 10:34

ఒప్పుకుంటాను. ఊపితే లోపల గలగలమంటే పారబోయాలి. తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుంటే పగలదు. మా తరం అలాగే పట్టుకెళ్లింది.

నైట్ డ్యూటీ
డిసెంబరు 3, మధ్యాహ్నం 2:10

గాజా, స్టీలా అన్నది నాకు అనవసరం. పాలు పోసిన టీ పన్నెండు గంటలా? నేను ఒప్పుకోను. విజయవాడలోనే 20 ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను.

మరగబెట్టినా చావని సూక్ష్మక్రిముల బీజాలు కొన్ని ఉంటాయి. పాలల్లో, అన్నంలో ఇవి మామూలే. 60 డిగ్రీల పైన ఉన్నంతసేపు అవి కదలవు. దాని కిందికి దిగాక, గోరువెచ్చగా ఉన్నప్పుడు వాటికి పండగ. ఫ్లాస్కు చేసే పనేంటంటే టీని చాలాసేపు వేడిగా ఉంచి, ఆ తర్వాత ఇంకా చాలాసేపు గోరువెచ్చగా ఉంచడం. ఆ రెండో సగమే ప్రమాదం.

కృష్ణలంక పులుసు
డిసెంబరు 3, మధ్యాహ్నం 2:45

అక్కా, మా అమ్మమ్మ నాటి నుంచి ఫ్లాస్కులో టీ తాగుతున్నాం. ఇంటిల్లిపాదీ ఇనుప గుండులా ఉన్నాం. అన్నిటికీ భయపెడితే ఎలా? అసలు నన్నడిగితే టీ ఎందుకు, ఉలవచారు పోసుకెళ్లండి. మబ్బుల మీద వేడి ఉలవచారు, పైన మీగడ.

నైట్ డ్యూటీ
డిసెంబరు 3, మధ్యాహ్నం 3:02

తమ్ముడూ, ఆసుపత్రికి మీ ఇళ్ల నుంచి వచ్చే ఫ్లాస్కులు రోజూ చూస్తాను. పొద్దున్న ఆరింటికి తెచ్చిన టీ ఎనిమిదింటికల్లా ఖాళీ. మీ అమ్మమ్మ పన్నెండు గంటలాగి తాగిందా? కనుక్కుని చెప్పు. రెండు మూడు గంటల్లో తాగేస్తే నాకే అభ్యంతరమూ లేదు.

ఉలవచారు పోస్తే ఆ రబ్బరు వాషర్‌ని తర్వాత గంగలో కలపాల్సిందే.

మిర్చి గుమాస్తా
డిసెంబరు 3, రాత్రి 8:30

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. మీ వాదనలన్నీ చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే మా దగ్గర ఈ ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది.

సీజన్లో రాత్రిళ్లు లారీలు దిగుతూనే ఉంటాయి. రైతులు తెచ్చిన టిక్కీల, అంటే మిర్చి బస్తాల పక్కనే పట్టా పరుచుకుని పడుకుంటారు. సంక్రాంతికి చలి చంకలెత్తనివ్వదంటారు చూడండి, ఆ నేల మీద పడుకుంటే దాని అర్థం తెలుస్తుంది. పైగా మిర్చి ఘాటుకి గొంతు గరగర. తెల్లవారుజామున అందరికీ వేడిగా ఏదో ఒకటి గొంతులో పడాలి.

మొదట్లో నేనూ టీయే తెచ్చేవాణ్ని. రాత్రి తొమ్మిదికి పోసిన టీ మూడింటికి తెరిస్తే వేడి ఉండేది, రుచి ఉండేది కాదు. పాలు ఉడికిన వాసన, రంగు ముదిరిపోయి, నాలుక మీద వగరు. ఒకసారి బెల్లం టీ పోస్తే విరిగి ముక్కలు ముక్కలైంది. అప్పుడు పచారీ కొట్టు పెద్దాయన ఒకాయన చెప్పాడు, "పాలు మానెయ్ రా, శొంఠి కాఫీ పోసుకెళ్లు" అని. శొంఠి, మిరియాలు, ధనియాలు పొడి కొట్టి నీళ్లలో మరిగించి, బెల్లం వేసి, పల్చటి గుడ్డలో వడగట్టి పొయ్యడమే. విరగడానికి అందులో పాలే లేవు. గంటలు గడిచేకొద్దీ ఘాటు ఇంకా దిగుతుంది కానీ పాడవదు. పదేళ్లయింది, మళ్లీ ఫ్లాస్కులో పాలు పోయలేదు.

ఫ్లాస్కు మాత్రం స్టీలే. యార్డులో గాజు ఫ్లాస్కు బతికేది ఒక్క పూట.

పటమట బుల్లోడు
డిసెంబరు 3, రాత్రి 9:15

గుమాస్తా గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. "శొంఠి కాఫీ జలుబు చేస్తే తాగేది, ఊరెళ్తే తాగేది కాదు" అంది.

అంటే బావ చెప్పినట్టు ఉత్త వేడినీళ్లే మేలంటారా?

కరకట్ట నడక
డిసెంబరు 4, ఉదయం 6:50

మనసాగక నిన్న పరీక్ష పెట్టాను. మా ఆవిడ నన్ను చూసిన చూపు సంగతి ఇక్కడ వద్దు.

ఇంట్లో రెండు స్టీలు ఫ్లాస్కులున్నాయి, ఒకే కంపెనీవి, ఒకటి లీటరు, ఒకటి అరలీటరు. రెండింట్లోనూ మరిగే నీళ్లు మూతదాకా నింపి సాయంత్రం 6:30కి బిగించాను. పొద్దున్న 6:30కి వంటింటి థర్మామీటరు పెడితే లీటరుది 69, అరలీటరుది 60. ఇది కిటికీలు మూసిన బెజవాడ ఇంట్లో. చలి కొండ మీద ఇంకొంచెం తగ్గుతాయి.

బుల్లోడూ, బావగారికి చెప్పండి, ఇక్కడే అసలు చిక్కుంది. ఆ 69 డిగ్రీల నీళ్లలో టీ బ్యాగు ముంచాను. అయిదు నిమిషాలుంచినా రంగు వచ్చింది కానీ టీ రాలేదు. మరుగుతున్న నీళ్లు పడితేనే టీ ఆకు దిగేది. ఆ నీళ్లతో కాఫీ పొడి కలిపితే మాత్రం శుభ్రంగా కరిగింది.

బైకు మీద బెజవాడ
డిసెంబరు 4, ఉదయం 7:30

టీ బ్యాగు ఊపుకుంటూ సూర్యోదయం చూడటానికా అంత దూరం వెళ్లేది? కింద టీ తాగి పైకి ఎక్కండయ్యా.

బ్రాడీపేట మాస్టారు
డిసెంబరు 4, ఉదయం 9:05

కరకట్ట వారి అంకెలు చూసి సంతోషించాను. లెక్క కూడా అదే చెప్తుంది. లీటరు ఒక్కదానికి బదులు అరలీటర్లు రెండు తీసుకుంటే, లోపలి పరిమాణం ఒకటే అయినా, వేడి పోయే ఉపరితలం సుమారు పాతిక శాతం పెరుగుతుంది. మెడలూ రెండవుతాయి. కాబట్టి పెద్దదే మేలు.

ముందుగా వేడినీళ్లతో ఫ్లాస్కుని వెచ్చబెట్టాలని అందరూ మంత్రంలా చెప్తారు. మంచిదే కానీ దాని విలువ ఎంతో చూడండి. ఉక్కు వేడిని పట్టే శక్తి నీటిలో ఎనిమిదో వంతు. లోపలి గోడ 200 గ్రాములనుకుంటే అది 25 గ్రాముల నీటితో సమానం. లీటరు నీళ్లలో పోయేది రెండు డిగ్రీల లోపే. చిన్న ఫ్లాస్కులకి ఎక్కువ తేడా, పెద్దవాటికి పెద్దగా లేదు. గాజుకి మాత్రం తప్పకుండా వెచ్చబెట్టాలి, వేడి కోసం కాదు, ఒక్కసారిగా మరిగేది పోస్తే పగులుతుందని.

కరకట్ట నడక
డిసెంబరు 4, ఉదయం 9:40

మాస్టారూ, మీ పాతిక శాతం లెక్క మూత తియ్యకుండా ఉన్నంతవరకే. లీటరు ఫ్లాస్కుని రాజమండ్రిలో ఒకసారి, నర్సీపట్నంలో ఒకసారి తెరిచి సగం తాగేశారనుకోండి. మిగతా సగం అంతే పెద్ద డబ్బాలో, సగం వేడితో, పైన ఖాళీతో కూర్చుంటుంది. అది పైకి చేరేసరికి చల్లారిపోతుంది. అదే రెండు ఫ్లాస్కులైతే ఒకటి దారిలో ఖాళీ చేసుకుని, రెండోది మబ్బుల దాకా ముట్టుకోకుండా ఉంచొచ్చు. ఆరుగురున్న కారులో, అందులో ఒక కుర్రాడున్నప్పుడు, లీటరు ఫ్లాస్కు మూత తియ్యకుండా ఉంటుందని మీరు నమ్ముతారా?

బ్రాడీపేట మాస్టారు
డిసెంబరు 4, ఉదయం 9:58

భౌతికశాస్త్రంలో కుర్రాళ్లని లెక్కలోకి తీసుకోం. కానీ మీ మాట నిజం.

గవర్నరుపేట స్టీలు కొట్టు
డిసెంబరు 4, ఉదయం 11:20

మూత మాట వచ్చింది కాబట్టి చెప్తాను. బటన్ నొక్కితే ధార పడే మూతలు ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్నారు. తెరవకుండా వంచుకోవచ్చు, నిజమే. కానీ ఆ బటన్ లోపల సందులుంటాయి. పాలు, టీ అక్కడ చేరితే వారానికి ఫ్లాస్కంతా పులిసిన వాసన, కడిగినా పోదు. నీళ్లకైతే బటన్, టీకైతే ఉత్త మరమూత. వాషర్ ఊడదీసి కడగండి, మళ్లీ పెట్టడం మాత్రం మర్చిపోకండి. వాషర్ లేకుండా తెచ్చి "కారుతోంది, మార్చు" అని నాతో తగవేసుకున్నవాళ్లు ఉన్నారు.

వాసన పడితే వేడినీళ్లలో రెండు చెంచాల వంటసోడా వేసి రాత్రంతా ఉంచండి. బ్లీచింగ్ పోయొద్దు, స్టీలుకి గుంటలు పడతాయి. ఇనుప పీచు వద్దు. మూత తీసి బోర్లించి ఆరబెట్టండి.

సొట్ట పడిన ఫ్లాస్కు వాడొచ్చా అని రోజుకొకరు అడుగుతారు. నడుము మీద సొట్టకి ఫరవాలేదు, అడుగున సొట్ట పడితే అనుమానమే. ఇందాక చెప్పిన పది నిమిషాల పరీక్ష చేసుకోండి.

నైట్ డ్యూటీ
డిసెంబరు 4, మధ్యాహ్నం 1:15

అందరూ వేడి ఎంత ఎక్కువుంటే అంత గొప్ప అన్నట్టు మాట్లాడుతున్నారు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు తాగే అలవాటుని క్యాన్సర్‌కి కారణమయ్యే అవకాశం ఉన్నవాటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చేర్చింది. మనం హాయిగా గుటకేసేది దానికన్నా తక్కువ వేడిలోనే. మంచి ఫ్లాస్కులోంచి నేరుగా మూతి పెట్టి తాగితే నాలుక బొబ్బలెక్కుతుంది, అదీ చీకట్లో, చలికి చేతులు వణుకుతుంటే. కప్పు మూత ఉన్నది కొనండి. అందులో పోసుకుని ఊదుకుని తాగండి.

నీళ్లలో టీ దిగట్లేదన్నారు కదా, దానికి నా దగ్గరో దారుంది. టీ డికాక్షన్ ఇంట్లోనే చిక్కగా మరిగించి, ఆకు పూర్తిగా వడగట్టి, పాలు లేకుండా మరుగుతుండగానే ఫ్లాస్కులో పోయండి. పాలపొడి, పంచదార విడిగా డబ్బాలో. పైన కప్పులో కలుపుకోండి. పాలు లేవు కాబట్టి నాకు దిగులు లేదు, టీ ముందే దిగింది కాబట్టి బావగారికీ దిగులు లేదు. ఆకు లోపల ఉండిపోతే మాత్రం చేదెక్కుతుంది.

కృష్ణలంక పులుసు
డిసెంబరు 4, మధ్యాహ్నం 1:40

పాలపొడి టీ! ఇదివరకు పులిహోర కట్టుకుని తీర్థయాత్రలకి వెళ్లిన జాతి మనది.

మిర్చి గుమాస్తా
డిసెంబరు 4, రాత్రి 7:55

నర్సమ్మ గారి దారి బాగుంది. ఒక్క మాట, పాలపొడి మీద వేడి డికాక్షన్ ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండ కడుతుంది. ముందు కొంచెం చల్లనీళ్లతో పేస్టులా కలుపుకోవాలి. కొండ మీద గాలిలో అది చెప్పినంత తేలిక కాదనుకోండి.

పటమట బుల్లోడు
డిసెంబరు 4, రాత్రి 10:10

నిర్ణయం ఇదీ. లీటరు స్టీలు ఫ్లాస్కు ఒకటి ఇవాళ గవర్నరుపేటలో కొన్నాను, మరమూత, కప్పుతో. పది నిమిషాల పరీక్ష పాసయింది. అందులో టీ డికాక్షన్. అక్క దగ్గర అరలీటరుది పాతదుంది, అందులో శొంఠి కాఫీ. గాజు ఫ్లాస్కు ఇంట్లోనే ఉంటుందని అమ్మకి చెప్పాను. "సరే" అంది. మా అమ్మ అంత తేలిగ్గా సరే అంటే నాకు భయం.

పటమట బుల్లోడు
డిసెంబరు 15, రాత్రి 9:25

వెళ్లొచ్చాం. ఆలస్యానికి క్షమించాలి, మేనల్లుడికి జలుబు.

నాలుగింటికి ఎక్కడం మొదలుపెట్టాం. ఫోనులో 8 డిగ్రీలు చూపించింది, గాలికి అంతకన్నా తక్కువ అనిపించింది. 5:40కి పైన శొంఠి కాఫీ తీశాం. కప్పు చేతుల్లో పట్టుకుంటేనే సగం చలి పోయింది. దారిలో మూత ముట్టుకోనివ్వలేదు, కరకట్ట గారి మాట గుర్తుపెట్టుకుని నా కాళ్ల దగ్గరే పెట్టుకున్నాను. అరలీటరు అయిదుగురికి రెండు నిమిషాల్లో అయిపోయింది. మేనల్లుడు కూడా తాగాడు, వాడు ఇంట్లో కషాయం పేరెత్తితే పారిపోతాడు.

తర్వాత డికాక్షన్. వేడి బాగానే ఉంది, పొగలు వచ్చాయి. కానీ గుమాస్తా గారు చెప్పినట్టే పాలపొడి ఉండ కట్టింది. సగం గాలికి లేచి బావ మఫ్లర్ మీద పడింది. కలిపిన టీ బావ ఒక గుక్క తాగి "బాగుంది" అన్నాడు. ఆ బాగుంది ఎలాంటిదో మీకు తెలుసు.

ఈలోగా తూర్పున ఎర్రబడింది, మబ్బులు కిందనుంచి పొంగుకుంటూ వచ్చాయి. టీ సంగతి అందరం మర్చిపోయాం. అది నిజం.

దిగేసరికి ఎనిమిదయింది. కారు దగ్గర అమ్మ ఒళ్లో తువ్వాలు చుట్టిన మూట. విప్పితే గాజు ఫ్లాస్కు. బెజవాడ నుంచి ఖాళీది పట్టుకొచ్చింది. మేం పైనున్నప్పుడు కొండ కింద దుకాణంలో దగ్గరుండి అల్లం ఎక్కువ వేయించి, చిక్కగా టీ కాయించి, ఏడింటికి అందులో పోయించుకుంది. "మీరు దిగేసరికి అక్కడ ఎంతమంది ఉంటారో, చల్లారిపోతుందేమో" అంది. కాచి గంటే అయింది కాబట్టి నైట్ డ్యూటీ గారూ, మీరు కోప్పడటానికి లేదు.

ఆ టీ గురించి చెప్పను. బైకు అన్న గెలిచాడో, మాస్టారు గెలిచారో నాకు తెలియట్లేదు. మా ఆవిడ మాత్రం నర్సీపట్నం వచ్చేదాకా "నేను ముందే చెప్పాను" అంటూనే ఉంది.

బ్రాడీపేట మాస్టారు
డిసెంబరు 15, రాత్రి 9:41

గాజు ఘాట్ రోడ్డు దిగేదాకా నిలిచిందా?

పటమట బుల్లోడు
డిసెంబరు 15, రాత్రి 9:44

అమ్మ ఒళ్లోంచి దించలేదు మాస్టారూ. మళ్లీ గూట్లో ఎక్కేసింది.

గవర్నరుపేట స్టీలు కొట్టు
డిసెంబరు 15, రాత్రి 9:50

మరి మా లీటరు ఫ్లాస్కులో డికాక్షన్ ఎంత మిగిలింది?

పటమట బుల్లోడు
డిసెంబరు 15, రాత్రి 9:52

ముప్పావు లీటరు. తుని దాకా బావే తాగాడు.